కప్ప బ్రతుకుటకు తడి చోటు



చేలలో కప్పలు తగ్గిపోయినవని ఈనాడు చెప్పని రైతు లేడు. తొలకరి వాన పడిన రాత్రి నిద్ర పట్టనీయని బెకబెకలు ఇప్పుడు ఏ చెరువు క్రిందనో, ఏ పాడుబడిన గుంట వద్దనో తప్ప వినబడుట లేదని పెద్దలు అనుచుందురు. కారణమేమని అడిగినచో, "మందులు కొట్టి మనమే చంపుకొన్నామండీ" అని వెంటనే సమాధానము వచ్చును. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని అది సగము నిజమే యని నా అభిప్రాయము. పురుగుమందులు బాగుగా తగ్గించిన చేలలో కూడా కొన్నిచోట్ల కప్పలు తిరిగి వచ్చుట లేదు. విషము లేకుండుట ఒక్కటే కప్పకు చాలదు. దానికి తడి కావలెను, చల్లదనము కావలెను. ఈ రెండును మన మాగాణిలో ఎక్కడెక్కడ లేకుండ పోయినవో చూచుకొనక, ఒక్క మందుల డబ్బాను మాత్రమే నిందించుట న్యాయము కాదు.

కప్ప నోటితో నీరు త్రాగదు. ఈ సంగతి చెప్పినప్పుడు చాలమంది నమ్మరు. తడి నేలమీద చతికిలబడి కూర్చున్నప్పుడు పొట్ట అడుగునను తొడల మధ్యను ఉండు పలుచని చర్మము గుండా అది నీటిని లోపలికి పీల్చుకొనును. ఊపిరితిత్తులు ఉన్నను, శ్వాసలో కొంత భాగము చర్మము ద్వారానే జరుగును. ఆ చర్మము ఎల్లప్పుడు తడిగా ఉన్ననే ఈ పని సాగును. చర్మము తడిగా ఉన్నంతసేపు దానినుండి నీరు ఆవిరియై పోవుచునే యుండును. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నచో నష్టము తక్కువ. వడగాలి వీచునప్పుడు నష్టము మిక్కిలి ఎక్కువ. మన శరీరమువలె దాని శరీరమునకు సొంత వేడి లేదు. చుట్టునున్న నేల, నీరు, గాలి ఎంత వేడిగా ఉండునో అదియు ఇంచుమించు అంత వేడెక్కును. అందుచేతనే కప్ప పగలు గట్టు నీడలో దాగి, రాత్రి మంచు దిగిన తర్వాత వేటకు బయలుదేరును.

ఈ విషయమును మనకన్న శ్రద్ధగా గమనించినవారు ఒకరు కలరు. దక్షిణ అమెరికాలో అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ ప్రాంతములలో కొమ్ముకప్ప యను జాతి కలదు. కన్నులమీద చిన్న కొమ్మువలె చర్మము పొడుచుకొని వచ్చును. నోరు తలంత వెడల్పు. అమెరికా, జపాను వంటి దేశములలో దీనిని ఇంటిలో గాజుపెట్టెలో ఉంచి ముచ్చటగా పెంచుకొనువారు వేలమంది యున్నారు. వారు మొదట కొనునది కప్పను కాదు, ఉష్ణమాపకమును, తేమను కొలుచు మాపకమును. పెట్టెలో వేడి 24 నుండి 28 డిగ్రీల సెంటిగ్రేడు మధ్యను, గాలిలో తేమ 60 నుండి 80 శాతము మధ్యను ఉండునట్లు చూచెదరు. పరుపుగా కొబ్బరి పొట్టును తడిపి వేయుదురు. మన కోనసీమలో పీచు తీసిన తర్వాత కుప్పలుగా మిగిలెడి పొట్టు వంటిదే అది. కప్ప దానిలో వీపు వరకు కూరుకొని కన్నులు మాత్రము బయట పెట్టి కూర్చుండును. పెట్టె ఎండిపోయినచో అది మేత మాని, మట్టిలోనికి దిగి, విడిచిన చర్మపు పొరలనే ఒంటిచుట్టు గట్టి తొడుగుగా చేసికొని కదలక పడియుండును. తిరిగి తడి తగిలినప్పుడే బయటికి వచ్చును. తడి మరీ ఎక్కువై పొట్టు కుళ్లినను ప్రమాదమే. దాని మలమూత్రములనుండి పుట్టు అమ్మోనియా పొట్ట చర్మము గుండా లోనికి పోయి కప్పను చంపును. కాబట్టి వారు పరుపును తరచు మార్చెదరు. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించిన తర్వాతనే పోయుదురు.

ఎక్కడి కొమ్ముకప్ప, ఎక్కడి మన బోదురుకప్ప యని మీరు అడుగవచ్చును. రెండింటి చర్మము చేయు పని ఒక్కటే. అక్కడివారు రెండడుగుల పెట్టెలో కొలిచి కూర్చునట్టి తడి, చల్లదనము మన వరిచేను ఒకప్పుడు ఎవరును కొలువకయే ఇచ్చెడిది. పిలకలు వేసి కమ్ముకొన్న వరి క్రింద, కాలు మునుగు నీటిమీద, పైన ఎండ కాయుచున్నను చల్లగా ఉండును. గట్టుమీద గడ్డి ఉండెడిది. బోదెలలో ఏడాదిలో చాల నెలలు నీటి చెమ్మ నిలిచెడిది. వేసవిలో కప్ప గట్టు మట్టిలోనికి దిగి నిద్రించుటకు తావుండెడిది. ఇవి నాలుగును ఇప్పుడు నాలుగు విధములుగా మారిపోయినవి.

మొదట నీటి సంగతి. వరిలో నీటిని నిలువ పెట్టక, మార్చి మార్చి తడిపి ఆరబెట్టు పద్ధతిని మేము ప్రచారము చేయుచున్నాము. చిల్లులు పెట్టిన గొట్టమును చేనిలో పాతి, అందులో నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు దిగినప్పుడు తిరిగి పెట్టుమని చెప్పుచున్నాము. ఇది మంచి పద్ధతి. కాలువ చివరి రైతునకు నీరందుటకు ఇంతకంటె సులభమైన దారి లేదు. దీనిని మానుమని నేను చెప్పను. కాని తోకకప్ప సంగతి ఆలోచింపవలెను. బోదురుకప్ప తొలి వానలకు వేల గ్రుడ్లు పెట్టును. ఆ రాత్రులలో మగకప్ప పసుపు ముద్దవలె మారి, గొంతుకు ఇరువైపుల నీలపు సంచులు ఉబ్బించి అరచుట మీరెరిగినదే. గ్రుడ్డునుండి వెడలిన తోకకప్పకు కాళ్లు మొలిచి గట్టెక్కుటకు సుమారు నెల నుండి నెలన్నర పట్టును. ఈ లోపల మడి ఒక్కసారి పూర్తిగా ఆరినచో ఆ ఏటి పిల్లలన్నియు కొంగలపాలు, చీమలపాలు కావలసినదే. పల్చగా మిగిలిన నీరైనను ఎండకు కంచములోని నీటివలె కాగును. వేడి 40 డిగ్రీలు దాటిన నీటిలో అవి ఎక్కువసేపు బ్రతుకజాలవు.

జపానులో ఇదే చిక్కు వచ్చినది. అక్కడ టొయోఒకా యను పట్టణ పరిసరములలో, అడవిలో పూర్తిగా నశించిన ఒక జాతి కొంగను పెంచి 2005లో తిరిగి స్వేచ్ఛగా విడిచిరి. కొంగ బ్రతుకవలెనన్న కప్ప కావలెను. కప్ప కావలెనన్న మడిలో నీరు నిలువవలెను. అక్కడి రైతులు ఊడ్పుల తర్వాత నడుమ ఒకసారి మడిని ఆరబెట్టుదురు. తోకకప్పలకు కాళ్లు వచ్చువరకు ఆ ఆరబెట్టుటను వాయిదా వేయుటకు వారు అంగీకరించిరి. అట్లు పండించిన బియ్యమునకు వేరు పేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్ముకొనుచున్నారు. సాడో దీవిలో మడి అంచున సన్నని కందకము త్రవ్వి, మడి ఆరినను కందకములో నీరు ఉండునట్లు చూచుచున్నారు. ఎక్కువ ధర సంగతి మనకు ఇప్పట్లో కుదురునో లేదో గాని, కందకము మాత్రము కుదురును. ఈ వ్యాసములో నేను మిమ్ములను కోరునది ముఖ్యముగా ఇదియే.

లెక్క చూడుడు. అడుగున్నర వెడల్పు, అడుగు లోతు, వంద అడుగుల పొడవు గల కందకమునకు 150 చదరపు అడుగుల నేల పోవును. సెంటు అనగా 435 చదరపు అడుగుల పైచిలుకు గనుక, పోవునది సెంటులో మూడవ వంతు. ఎకరమునకు 75 కిలోల బస్తాలు 30 పండు చేనిలో ఆ మేర పండునది ఎనిమిది కిలోల ధాన్యమునకు మించదు. ఒక్కసారి మందు కొట్టు కూలితో పోల్చి చూచుకొనుడు. కందకమును పడమటి గట్టు ప్రక్కన త్రవ్వి, ఆ గట్టుమీద కంది వేసినచో మధ్యాహ్నము తిరిగిన తర్వాత నీడ పడి నీరు కాగదు. కంది కాయలు ఎటులను మీవే. గోడ నిట్టనిలువుగా కాక మడివైపు వాలుగా ఉండవలెను. లేనిచో కాళ్లు మొలిచిన పిల్ల బయటికి ఎక్కలేదు. మడిని ఆరబెట్టునప్పుడు నీరు ఆ పల్లమునకే చేరును, తోకకప్పలును నీటి వెంటనే పోవును.

యూరియా చల్లునప్పుడు కూడా ఈ కందకము అక్కరకు వచ్చును. నీరు తీసివేసి బురద పదునులో చల్లి, 36 నుండి 48 గంటల తర్వాత తిరిగి నీరు పెట్టవలెనని మేము చెప్పుచునే యున్నాము. నిలువ నీటిలో చల్లిన యూరియా అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోవును, మీ డబ్బు దానితో పోవును. ఆ అమ్మోనియా నీటిలో ఉన్నంతసేపు తోకకప్పకు విషము. కొమ్ముకప్పను పెంచువారు పరుపు ఎందులకు మార్చుదురో ఇప్పుడు మీకు తెలియును. చల్లునప్పుడు కందకములో మాత్రము పడకుండ చూచినచో చాలును.

ఇక గట్ల సంగతి. ఇక్కడ మా శాఖ సలహాలోనే ఒక చిక్కు కలదని చెప్పుటకు నేను సంకోచింపను. ఎలుకలు బొరియలు చేయకుండుటకు గట్లను సన్నముగా చెక్కి, గడ్డి లేకుండ శుభ్రముగా ఉంచుమని మేము చెప్పుదుము. ఎలుకల బాధ తెలిసిన ఏ రైతును దానిని కాదనడు. కాని గడ్డి లేని సన్నని గట్టు వేసవిలో పెనమువలె కాలును. అందులో కప్పకు నీడ లేదు, దిగుటకు చల్లని మట్టి లేదు. అన్ని గట్లను ఒకే తీరున చెక్కుట అనవసరమని నా అభిప్రాయము. లోపలి గట్లను చెక్కుడు. కాలువనో బోదెనో ఆనుకొనియున్న ఒక్క గట్టును వెడల్పుగా, గడ్డితో విడిచిపెట్టుడు. ఎలుక బొరియలు కనబడినప్పుడు ఆ ఒక్క గట్టును వెదకుట సులభము. దానిమీద కలుపుమందు కొట్టకుడు, కోతల తర్వాత నిప్పు పెట్టకుడు. కొన్ని కలుపుమందులలో మందుకన్న, అది ఆకుకు అంటుకొనుటకు కలిపిన సబ్బు వంటి పదార్థమే తోకకప్పల మొప్పలను పాడుచేయును. గడ్డి ఎక్కువైనచో కొడవలితో కోసి గేదెకు వేయుట మేలు.

మందులను సగము కారణమంటిని గనుక ఆ సగము గూర్చియు చెప్పవలెను. ఐరోపాలో 2013లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, అక్కడి పిల్లకప్పలమీద పొలములో వాడు మందులను సీసామీద వ్రాసిన మోతాదులోనే పిచికారీ చేసి చూచిరి. తెగుళ్లకు వాడు పైరాక్లోస్ట్రోబిన్ అను మందును రెండు తయారీలలో పరీక్షించగా, ద్రావకపు నూనె ఎక్కువగా కలిసిన తయారీ తగిలిన కప్పలన్నియు గంటలోపల చచ్చినవి. ఆ నూనె తక్కువగా ఉన్న తయారీలో చాల కప్పలు బ్రతికినవి. మందు ఒక్కటే, కలిపిన నూనె వేరు. ఇది పురుగుమందు కాదు, తెగులు మందు. "పురుగుమందు కాదుగదా, దీనికేమి" అనుకొనువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. చర్మముతో నీరు త్రాగు ప్రాణి చర్మముతోనే మందును కూడా త్రాగును. సాయంకాలము మందు కొట్టుట మంచిదని చెప్పుదుము గాని, చీకటి పడిన తర్వాత కొట్టకుడు. అప్పటికి కప్పలు బయటికి వచ్చియుండును. కందకమునకు, విడిచిన గట్టుకు రెండు బారల దూరము వరకు పిచికారీ ఆపివేయుడు.

గుళికల సంగతి ఒక్కమాట. ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు 31 నుండి మన దేశములో నిషేధింపబడినవి. అటకమీద పాత సంచి ఇంకను ఉన్నచో వాడకుడు, కాలువలో పారబోయకుడు. మీ వ్యవసాయ అధికారికి తెలియజేయుడు.

ఇన్ని చెప్పగా ఒక పెద్ద రైతు నన్ను ఇట్లడిగెను: "ఆఫీసరు గారూ, కప్పలకు కూడా ఏమైనా సబ్సిడీ ఉన్నదాండీ?" అక్కడివారందరు నవ్విరి, నేనును నవ్వితిని. సబ్సిడీ లేదు. అయితే ఆయన రెండవ ప్రశ్న నవ్వదగినది కాదు: "కప్ప చేరిన చోటికి పాము రాదా?" వచ్చును. దానిని దాచుట తప్పు. రాత్రి నీరు పెట్టబోయి పాముకాటుకు గురియగువారు మన పల్లెలలో ఉన్నారు. అందుచేతనే గడ్డి విడుచు గట్టు మీరు నడచు గట్టు కాకూడదు. మోటారు వద్దకు పోవు దారిని శుభ్రముగా ఉంచుకొని, ఆవలి గట్టును విడువుడు. టార్చిలైటు, మోకాలివరకు బూట్లు లేకుండ రాత్రి చేనిలోనికి దిగకుడు. కాటు పడినచో మంత్రముల జోలికి పోక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కప్పలు లేకున్నను ఎలుకలకొరకు పాము వచ్చుచునే యుండునని కూడా గుర్తుంచుకొనుడు.

మరికొందరు కప్పలుంటే దోమపోటు రాదా యని అడుగుదురు. అట్లని నేను మాట ఇయ్యను. సుడిదోమ విపరీతముగా పెరిగిన చేనిని కప్పలు కాపాడలేవు. పైగా కప్ప కదలునది ఏదైనను మ్రింగును. ఆకుముడత రెక్కల పురుగును, మిడతను, చిన్న పీతను, ఎలుక పిల్లను తినినట్లే మనకు మేలు చేయు సాలీడును కూడా తినును. కాని దుబ్బు మొదట నీటి అంచున, పిచికారీ సరిగా చేరని చోట, రాత్రియంతయు కూలి లేకుండ కాపుండునది అది ఒక్కటే. బోదురుకప్ప తోకకప్పలు దోమ పిల్లలను కూడా తినును. పురుగు ఉధృతి మొదలు కాకముందు దానిని అదుపులో ఉంచు అనేక ప్రాణులలో కప్ప ఒకటి. అంతకు మించి దానికి కీర్తి అక్కరలేదు.

ఒకప్పుడు మన దేశమే కప్పలను టన్నుల లెక్కన అమ్ముకొన్నది. కప్ప కాళ్లను విదేశములవారు తినుదురు గనుక 1981లో నాలుగు వేల టన్నులకు పైగా ఎగుమతి చేసితిమి. పట్టినది పొలములలోనే, చెరువుల వద్దనే. 1987లో ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించినది. నిషేధము వచ్చి ఎన్నో ఏండ్లు గడచినను కొన్ని ఊళ్లలో కప్పలు తేరుకొనకుండుటకు, అవి తిరిగి నిలువదగిన తావు లేకుండుటయే ఒక ముఖ్య కారణమని నేను తలచుచున్నాను. పట్టువాడు పోయినను ఇల్లు మిగులలేదు. అయితే కప్పలను పట్టితెచ్చి తొట్టిలో పెంచి చేనిలో వదలుదుమని బయలుదేరకుడు. బోదురుకప్పను పట్టుట చట్టవిరుద్ధము. అదిగాక ఒకచోటి తెగులును మరొకచోటికి మోసికొని పోయినట్లగును. తడి చోటు ఉన్నచో దగ్గరి చెరువునుండి అవియే వచ్చును. పట్టణములలో విదేశపు కప్పలను సరదాకు పెంచు యువకులు మీ బంధువులలో ఉన్నచో, విసుగు పుట్టినప్పుడు వాటిని మన చెరువులలో వదలవద్దని గట్టిగా చెప్పుడు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. పంట కాలువలకును, ఊరి మురుగు కాలువలకును సిమెంటు గోడలు కట్టుచున్నాము. నీరు వృథా కాకుండుటకు అది అవసరమే. కాని నిట్టనిలువు గోడల మధ్య పడిన కప్ప పైకి ఎక్కలేక ఎండకు చచ్చును. అక్కడక్కడ ఒక ప్రక్క గోడను గరుకుగా వాలు చేసి కట్టించినచో, కనీసము రాళ్లు పేర్చి మెట్టువలె చేయించినచో ఖర్చు ఎంతో కాదు. చెరువు పూడిక తీయించునప్పుడు చెరువంతయు ఒకే లోతున చదును చేయక, ఒక మూలను పల్లముగా, చెట్టు నీడ పడునట్లు విడిచిన వేసవి చివరివరకు అక్కడ చెమ్మ నిలుచును.

వానలు వెనుకబడిన ఏడు మన పల్లెలలో కప్పతల్లిని ఆడుదురు. కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికి త్రిప్పగా ఇల్లాండ్రు బిందెలతో నీళ్లు పోయుదురు. నేను ఆచారమును ఆక్షేపించుటలేదు. కప్పకు కావలసినది నీరని మన పెద్దలకు తెలిసియుండుట అందులో కనబడును. ఆ బిందెడు నీటిలో కొంత గట్టు ప్రక్కన కట్టబడని కప్పలకును పోయుమనియే నా మనవి.

కందకమును దమ్ముకు ముందే త్రవ్వవలెను. దమ్ము చేసిన తర్వాత త్రవ్విన గట్టు జారి పూడిపోవును. నారుమడి పోయుచున్న రోజులలో, నేల ఒక వానకు మెత్తబడిన తర్వాత, ఒక మనిషి ఒక పూటలో వంద అడుగులు త్రవ్వగలడు. తీసిన మట్టిని ప్రక్కన పారవేయక ఆ గట్టుమీదనే వేసి వెడల్పు చేయుడు. కంది గింజను అదే రోజున పెట్టవచ్చును.